బాగేపల్లి ద్వీపం కాదు



ఉగాది రోజు మన సంఘంలో ఒబ్బట్లు తింటూ కూచున్నప్పుడు హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నన్ను, "మీదే ఊరు?" అని అడిగారు. బాగేపల్లి పక్క అన్నాను. "ఓహో, కన్నడ సముద్రంలో తెలుగు ద్వీపం కదండీ మీది" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు, తప్పు పట్టలేదు. కానీ ఆ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. నేను ద్వీపం నుంచి వచ్చినానా? అయితే మా అవ్వ కదిరి నుంచి మా ఊరికి కోడలుగా ఏ పడవెక్కి వచ్చినట్టు?

నిజమైన దీవి ఎట్లుంటుందో నాకు తెలుసు. కిందటేడు ఒక పెండ్లికి కోనసీమ పోయినాను. ఒక పక్క గౌతమి, ఒక పక్క వసిష్ఠ, మూడో పక్క సముద్రం. ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట ముగించిన తర్వాత కాలువలు కూడా తోడై, ఎటు చూసినా నీళ్ళే. వెయ్యి అడుగులు బోరు దించి దుమ్ము చూసిన మనబోటి వాళ్ళకు అది కలలో ఊరులాగా ఉంటుంది. రావులపాలెంలో అరటి గెలలు, అంబాజీపేటలో కొబ్బరికాయల రాసులు. మన చింతామణి దగ్గర అంబాజీదుర్గం ఉంది, అక్కడ అంబాజీపేట ఉంది, ఆ పేరు వింటేనే చుట్టాల ఊరికి వచ్చినట్టనిపించింది. ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదనుకోండి. కూరగాయల అంగట్లో "ఉర్లగడ్డ, ఎర్రగడ్డ చెరొక కేజీ ఇవ్వమ్మా" అంటే ఆమె నా మొగం చూసి, "మీరు కన్నడమా అండీ?" అంది. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు అనాలట. పక్కనున్న కుర్రాడు ఎర్రగడ్డ అంటే హైదరాబాదులో పిచ్చాసుపత్రి కదా అని నవ్వినాడు. నేనూ నవ్వినాను. బెంగుళూరులో తెలుగోడు, కోనసీమలో కన్నడోడు. మన బతుకు తెలిసిందే కదా.

అందుకే ఈ వేసవిలో మూడు దినాలు పెట్టుకుని మన పక్క అంగళ్ళన్నీ తిరిగి వచ్చినాను. చేతిలో మా తాత లెక్కల పుస్తకం ఒకటి. దాని సంగతి తర్వాత చెప్తాను.

మొదట చిక్కబళ్ళాపురం. 1479లో ఆవతి వంశపు మల్ల బైరేగౌడ కట్టించిన ఊరని చరిత్ర. తెల్లవారకముందే పూల మండీకి పోవాలి, లేకుంటే చూసేదేమీ ఉండదు. చేమంతులు, బంతిపూలు, కనకాంబరాలు. రైతు తెలుగులో తిడతాడు, వ్యాపారి తెలుగులోనే బతిమాలతాడు, చీటీ మాత్రం కన్నడలో రాస్తాడు. నేను అరగంట నిలబడి ఇదే చూసినాను. నోటికొక భాష, చేతికొక భాష. ఊరికి దగ్గర్లోనే ముద్దేనహళ్ళి, విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. ఆయన ఇంటిపేరు మోక్షగుండం. ఆ ఊరు గిద్దలూరు పక్కన ఉంది, వాళ్ళ పెద్దలు అక్కడి నుంచి వలస వచ్చినవాళ్ళు. మైసూరు దివానుగా ఎంత ఎత్తుకు ఎదిగినా పేరు ముందు పెన్నకు ఆవలి పల్లెటూరిని మోసుకుంటూనే పోయినారు.

అక్కడి నుంచి రైలు. పెద్దవాళ్ళకు 'చిన్నరైలు' గుర్తుంటుంది. యలహంక, చిక్కబళ్ళాపురం, శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం, కోలారు మీదుగా బంగారుపేటకు పోయే చిన్న పట్టాల బండి. దిగి నడిస్తే బండి కంటే ముందు చేరతామని ఎగతాళి చేసేవాళ్ళు. 2013లో పెద్ద పట్టాలు పూర్తయినాయి. శిడ్లఘట్టలో దిగి పట్టుగూళ్ళ మార్కెట్టు చూసినాను. ఆ వాసన చిన్నప్పటి నుంచి ఎరిగిందే, పడనివాళ్ళు ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం ఇల్లు గుర్తొస్తుంది. దాని గురించి ఇంకోసారి రాస్తాను, ఇక్కడ మొదలుపెడితే ఆగను.

చింతామణికి ఆ పేరు మరాఠా దొర చింతామణిరావు వల్ల వచ్చింది. ఒకప్పుడు కోమట్లు బంగారం, వెండి, రత్నాల వ్యాపారం చేసిన ఊరు. ఇప్పుడు టొమాటోలు, శెనక్కాయలు, మామిళ్ళు. మా తాత శెనక్కాయల మూటలు ఎద్దుల బండిలో వేసుకుని చీకటితోనే బయలుదేరి ఇక్కడికి తెచ్చి అమ్మేవాడట. బాగేపల్లిలోనూ అంగళ్ళున్నాయి కదా, ఇంత దూరం ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "చింతామణిలో తూకం బాగుంటుందిరా" అనేవాడు. తూకం కోసమా, అక్కడి నుంచి కైవారం పోయి రావడం కోసమా అనేది నాకిప్పుడు అనుమానం.

కైవారం తాతయ్య గురించి మనవాళ్ళకు చెప్పనక్కర లేదు. కానీ ఆయన సంతల మనిషి అనే సంగతి మరిచిపోతాం. యోగి, కాలజ్ఞాని అన్న పేర్లు తర్వాత వచ్చినాయి. ముందు ఆయన నారాయణప్ప, బలిజ ఇంటి బిడ్డ, గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరూ తిరిగినవాడు. 1726లో పుట్టి 1836 దాకా, నూటపది ఏండ్లు బతికినాడని సంప్రదాయం. బేరం తెలియక, ఆడబిడ్డలకు ఉత్తినే గాజులు తొడిగి ఖాళీ చేతుల్తో ఇంటికొస్తే పెండ్లాం ఊరుకునేది కాదని కథలు చెప్తారు. పరదేశిస్వామి గురువుగా దొరికిన తర్వాత ఆ మలారం పక్కన పెట్టినాడు. ఒక్కటి ఆలోచించండి. గాజులు తొడిగేవాడు వాకిట్లో కూచుని చేయి పట్టుకుని మాట్లాడాలి. ఆ ఇంటి భాష రాకుంటే గాజు పగులుతుంది. కన్నడ ఇంట్లో కన్నడం, తెలుగు ఇంట్లో తెలుగు. ఆయన పదాలు, పద్యాలు రెండు భాషల్లోనూ ఉండడం పాండిత్యం చూపడానికి కాదని నా నమ్మకం. అది ఆ వృత్తి నేర్పిన విద్య.

కైవారంలో అమరనారేయణ స్వామి గుడి ముందర ఒక పుస్తకం కొన్నాను. తాతయ్య తెలుగు పద్యాలు, కన్నడ అక్షరాల్లో అచ్చు వేసింది. పక్కన ఒక ముసలమ్మ అదే పుస్తకం కండ్లకు దగ్గరగా పెట్టుకుని తెలుగులో రాగం తీస్తూ చదువుతోంది. మన చరిత్ర మొత్తం ఆ పుట మీద ఉంది. తెలుగు చచ్చిపోలేదు, అక్షరం మారింది, అంతే.

అక్షరం ఎందుకు మారిందంటే కొంచెం వెనక్కి పోవాలి. 1955లో ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక ఇచ్చింది. అప్పుడు మన ఊళ్ళన్నీ కోలారు జిల్లాలోవే, చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయ్యింది 2007లో కదా. కోలారు జిల్లాలో సగానికి మించి జనం ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. అయినా జిల్లా మైసూరు రాష్ట్రంలోనే ఉండాలని సంఘం తేల్చింది. 1956 నవంబరు 1 వచ్చింది, పోయింది. సంతకు పోయే బండ్లు ఆగలేదు. దీని మీద నాకు కోపమేమీ లేదు, ఉద్యోగం, కాపురం, తిండి అన్నీ ఈ రాష్ట్రమే పెట్టింది. నా బాధ వేరే. కాలేజీలో చేరేటప్పుడు ఫారంలో మాతృభాష అన్న చోట నేను కన్నడ అని రాసినాను. ఎవరూ బలవంతం చేయలేదు. తెలుగు అని రాస్తే బయటివాడినంటారేమో అన్న భయం. మా అమ్మకు చదువు రాదు కాబట్టి ఆ ఫారం ఆమె చూడలేదు. ఇన్నేండ్ల తర్వాత కూడా ఆ గీత నాకు కనిపిస్తూనే ఉంటుంది.

ఇక బాగేపల్లి. 2025 జూలైలో నందికొండ మీద జరిగిన మంత్రివర్గ సమావేశంలో ఊరి పేరు భాగ్యనగర అని మార్చడానికి ఒప్పుకున్నారు. పల్లి అనేది తెలుగు మాట అని కొందరి వాదన. నాకు నవ్వొచ్చింది. తెలుగువాళ్ళకు భాగ్యనగరం అంటే హైదరాబాదు! తెలుగు వాసన తీయబోయి ఇంకా పెద్ద తెలుగు ఊరి పేరు తగిలించుకున్నాం. బస్సులో కండక్టరు మాత్రం "బాగేపల్లి, బాగేపల్లి" అనే అరుస్తున్నాడు.

నీళ్ళ సంగతి చూస్తే ద్వీపం మాట ఇంకా నిలవదు. మన చిత్రావతి నందికొండల పక్కన పుట్టి బాగేపల్లి మీదుగా పుట్టపర్తి, ధర్మవరం వైపు పోయి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. పాపాగ్ని అంతే, పెన్న సరేసరి. అన్నీ మన దగ్గర పుట్టి అటువైపు దిగేవే. మైసూరుకు, మద్రాసుకు మధ్య 1892లో ఈ నీళ్ళ మీద ఒప్పందం రాసుకున్నారు, పరగోడు దగ్గర ఆనకట్ట మీద మన కాలంలో కూడా రెండు రాష్ట్రాలు వాదించుకున్నాయి. పైన ఉన్నవాడికీ కిందున్నవాడికీ దప్పిక ఒకటే, తిట్టుకునే భాష కూడా ఒకటే. మా ఊరి చెరువులో ఒక మిట్ట ఉంది. 2021 నవంబరు వానలకు చెరువు నిండి ఆ మిట్ట చుట్టూ నీళ్ళు చేరితే పిల్లకాయలు ఈదుకుంటూ పోయి వచ్చినారు. మా పక్క నేను చూసిన దీవి అదొక్కటే. నీళ్ళు ఇంకిపోయినాక మళ్ళీ మేకలు మేస్తున్నాయి.

ఇప్పుడు పుస్తకం సంగతి. మా తాత వీధిబడిలో తెలుగు నేర్చుకున్నాడు. మా నాయన బడిలో కన్నడం నేర్చుకున్నాడు. తాత పోయినాక ఆయన రాసిన లెక్కలు ఇంట్లో ఎవరికీ చదవడం రాలేదు. పాలుపంపకాలప్పుడు అందులో ఏదో బాకీ రాసి ఉందని చిన్నాయన, లేదని మా నాయన పోట్లాడుకుని ఇరవై ఏండ్లు మాటల్లేవు. నేను యాభై దాటినాక మన సంఘం ఆదివారం తరగతిలో అక్షరాలు దిద్దుకున్నాను కానీ, తాతది గొలుసుకట్టు రాత, ఒక అక్షరం ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలయ్యిందో తెలియదు. బాగేపల్లి అంగడి వీధిలో కదిరి నుంచి వచ్చి స్థిరపడిన ఒక ముసలి కిరాణాకొట్టు పెద్దాయన ఉన్నాడని విని పోయినాను. అద్దాలు తుడుచుకుని, బేరాల మధ్య గంటసేపు చదివి పెట్టినాడు. బాకీ ఏమీ లేదు. శెనక్కాయలు ఆరు మూటలు, బండి బాడుగ, ఎద్దులకు చిట్టు, అవ్వకు తమలపాకులు. ఒక పుట చివర "కైవారంలో పాపకు గాజులు, డజను" అని ఉంది.

పాప అంటే మా మేనత్త. ఎనభై దాటింది, బాగేపల్లిలోనే ఉంటుంది. సాయంత్రం పోయి చెప్పినాను. అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పచ్చ గాజులు రా అవి. రెండు దినాలే ఉండె. బాయి కాడ కడవెత్తుతా ఉంటే అన్నీ పగిలిపాయె. మీ తాత కొట్తాడని నాలుగు దినాలు చేతులు కొంగులో దాచిపెట్టుకుంటి" అంది. చిన్నాయన కొడుకుకు అక్కడి నుంచే ఫోను చేసి పుస్తకంలో ఏముందో చదివి వినిపించినాను. వచ్చే ఆదివారం ఇంటికి రమ్మన్నాడు.

మీ ఇండ్లల్లో అటక మీద ఇట్లాంటి పుస్తకాలుంటే పాత కాగితాలవాడికి వేయకండి. గొలుసుకట్టు చదివేవాళ్ళు బాగేపల్లిలో ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. ఆ పెద్దాయన మధ్యాహ్నం రెండింటికి కొట్టు మూసి నిద్రపోతాడు, పొద్దున్నే పోండి.