మోకాలెత్తు లేచిన చేను

1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజాము 3 గంటల 56 నిమిషాలు. వినాయకుణ్ణి సాగనంపి వచ్చి నిజామాబాద్ జిల్లా నవీపేట్ ఆదమరిచి నిద్రపోతోంది. గూట్లో గిన్నెలు గలగలమంటాయి, మంచం ఊగుతుంది. "లే బిడ్డా, బయటికి నడువ్!" అని అవ్వ రెక్క పట్టి గుంజుతుంది. వాకిట్లోకి వచ్చేసరికి అంతా అయిపోయింది. కుక్కలు మాత్రం మొరుగుతూనే ఉన్నాయి.

పొద్దెక్కాక తెలుస్తుంది, అది లాతూర్ జిల్లా కిల్లారిలో వచ్చిన భూకంపం అని. తిన్నగా గీత గీస్తే మనకు నైరుతి వైపు దాదాపు 170 కిలోమీటర్లు.

కొన్నాళ్లకు కిల్లారి నల్లరేగడిలో నడుస్తున్నాం. చదునుగా సాగాల్సిన చేను ఒకచోట గట్టులా లేచి ఉంది. మనిషి వేసిన గట్టు కాదది. మోకాలెత్తు ఉంటుంది, ఎక్కడా మీటరు దాటదు. కాలెత్తి ఆ పక్కకు అడుగు వేస్తే పైకి లేచిన రాయి మీదే నిలబడ్డట్టు. కింద, నైరుతి వైపు వాలిన పగులు ఉంది. భారత ఫలకం ఏడాదికి 5 సెంటీమీటర్ల వరకు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ బిగింపు హిమాలయం దగ్గరే ఆగదు, దక్కను రాయినీ నొక్కుతుంది. ఆ రాత్రి పట్టు తప్పింది. నైరుతి పక్క రాయి ఈశాన్య పక్క మీదికి ఎగబాకింది. తీవ్రత 6.2.

మన గోదావరి దిగువన జరిగింది దీనికి తలకిందులు. అక్కడ కోట్ల ఏళ్ల కిందట నేల సాగి, పగుళ్ల నడుమ రాయి కుంగింది. అలా దిగబడినందుకే సింగరేణి బొగ్గు కొట్టుకుపోకుండా మిగిలింది.

కిల్లారి ఊళ్లోకి వెళితే గోడలు కనబడవు, రాళ్ల కుప్పలే. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటి మీద మోపెడు మట్టి కప్పు. దాదాపు పదివేల మందిని చంపింది ఎక్కువగా ఆ బరువే. అప్పటి భూకంప పటంలో కిల్లారిది అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలం. 2002లో పటాన్ని సవరించినప్పుడు ఒకటో మండలం అన్నదాన్నే తీసేశారు. ఆ సవరించిన పటంలో నిజామాబాద్ రెండోదాంట్లో ఉంది.

తర్వాత హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లు కిల్లారిలో బోరు దించారు. 300 మీటర్లకు పైగా నల్లరాయే. అది దాటాక తగిలింది దక్కను పాత పునాది రాయి. నిజామాబాద్ చుట్టుపక్కల గుట్టల్లో ఆ పునాదే ఏ కప్పూ లేకుండా ఎండకు కాగుతుంటుంది.