సాక్చీలో ఉక్కు: ఆలోచన, ఆచరణ

జంషెడ్‌పూర్ పటం ఒకసారి చూడండి. దక్షిణాన గోరుమహిసాని ఇనుప ఖనిజం, ఉత్తరాన ఝరియా బొగ్గు, నడుమ సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నీరు. ఎంపిక ఎంత చక్కనిదో మీకే తెలుస్తుంది. అయితే ఉక్కు కర్మాగారానికి కలగన్న జంషెట్‌జీ టాటా 1904లోనే కన్నుమూశారు. ఈ సాక్చీ గ్రామం ఖాయమైంది ఆ తర్వాతే. కుమారుడు దొరాబ్జీ 1907లో కంపెనీ స్థాపించారు. తొలి ఉక్కు 1912లో వచ్చింది.

అసలు పరీక్ష మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఎదురైంది. గిరాకీ చూసి భారీ విస్తరణ చేపట్టారు. ఇంతలో ధరలు పడిపోయాయి, చౌక విదేశీ ఉక్కు ముంచెత్తింది. పథకం మంచిదే, కానీ పథకంతో జీతాలివ్వలేం కదా! 1924లో దొరాబ్జీ, భార్య మెహెర్‌బాయి నగలతో సహా సొంత ఆస్తిని తాకట్టు పెట్టి ఇంపీరియల్ బ్యాంకులో కోటి రూపాయల అప్పు తెచ్చారు. సుంకాల రక్షణ చట్టమూ ఆ ఏడే వచ్చింది. కొలిమి ఆరలేదు.