చాతుర్మాస్యము – కృష్ణాతీరమున వర్షర్తుచర్య



ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు శ్రీమహావిష్ణువు యోగనిద్రకు ఉపక్రమించుననియు, కార్తిక శుద్ధ ఏకాదశినాడు మేల్కొనుననియు పురాణములు చెప్పుచున్నవి. ఈ నాలుగు నెలలే చాతుర్మాస్యము. యతులు సంచారము మాని ఒకచోట నిలుచు కాలమిది. గృహస్థులు ఆహారనియమములు పాటించు కాలమిది. వైద్యగ్రంథముల లెక్కలో మాత్రము వర్షర్తువు శ్రావణ భాద్రపదములనెడి రెండు నెలలే. ధర్మశాస్త్రము చెప్పిన నాలుగు నెలలకును, వైద్యశాస్త్రము చెప్పిన రెండు నెలలకును గల ఈ భేదము బందరు, గుడివాడ, దివిసీమ వాసులకు ఏమి నేర్పుచున్నదో ఈనాడు విచారింతము.

ముందుగా శాస్త్రమేమనుచున్నదో చూతము. చరకసంహిత సూత్రస్థానమున ఆరవ అధ్యాయమును, వాగ్భటుని అష్టాంగహృదయ సూత్రస్థానమున మూడవ అధ్యాయమును ఋతుచర్యకు ఆకరములు. గ్రీష్మతాపమునకు డస్సిన శరీరమున జఠరాగ్ని మందగించియుండును. తొలకరితో నేలనుండి వెలువడు ఆవిరి, చల్లగాలి, కలుషజలము ఆ అగ్నిని మరింత కుంగదీయును; వాతము ప్రకోపించును. కావున పాత ధాన్యపు అన్నము, తేలికగా జీర్ణమగు కట్టు, చారు మొదలగునవి భుజింపవలెను. పగటినిద్ర, అధికశ్రమ, నదీజలపానము విడువవలెను. తేమలేని మేడపైన నివసింపవలెను. ఒట్టి కాళ్ళతో నడువరాదు. వర్షపు నీరు, బావినీరు, కాచిన నీరు త్రాగుటకు యోగ్యములని వాగ్భటుడు చెప్పినాడు.

వర్షర్తువు వెనుక వచ్చు శరత్తును గూర్చి చెప్పునపుడు శాస్త్రము నీటిని మిక్కిలి కొనియాడినది. పగలు సూర్యునిచే కాగి, రాత్రి చంద్రునిచే చల్లబడి, అగస్త్య నక్షత్రోదయముచే నిర్విషమైన ఆ నీటికి హంసోదకమని పేరు. అది స్నానపానములకు అమృతతుల్యమట. మన కృష్ణ సాగరసంగమమునకు చేరువనే హంసలదీవి కలదు. అచట స్నానమాడిన కాకి హంసయైనదని స్థలపురాణము. పేరు వినగానే హంసోదకము మనకు దాపుననే ఉన్నదని మురియవచ్చును. కాని మన సీమ చరిత్ర మరొక మాట చెప్పుచున్నది.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నముపై ఉప్పెన విరుచుకుపడినది. సుమారు 30,000 మంది అసువులు బాసిరి. అది దీపావళి వెళ్ళిన వెంటనే, కార్తికపు తొలిదినములలో జరిగినది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో దాదాపు 10,000 మంది గతించినట్లు ప్రభుత్వపు లెక్క. అదియును కార్తికమే, ఉత్థాన ఏకాదశి ఇంకను రాలేదు. సముద్రము మైళ్ళకొలది లోపలికి వచ్చి, సొర్లగొంది వంటి గ్రామములను ఊడ్చివేసినది. అట్టి దినములలో చెరువులు, బావులు ఉప్పునీటితోను, కళేబరములతోను కలుషితములగును. గ్రంథము హంసోదకమని పొగడిన శరత్కాలముననే మనకు నీరు విషమైనది!

అట్లయిన శాస్త్రము తప్పా? కాదు. దేశమును విచారింపక కాలమును లెక్కించుటయే తప్పు. చరకుడు దేశమును జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు విధములుగా విభజించినాడు. నీరు, చిత్తడి, దట్టమైన పచ్చదనము గల ఆనూపదేశమున వాతకఫములు ప్రబలును. కొల్లేటికి దిగువన గుడివాడ మొదలుకొని హంసలదీవి వరకు గల మన నేల ఆనూపమే. గంగకు దక్షిణమున వానలు అధికమగుటచే ప్రావృట్టు, వర్షము అని రెండు ఋతువులను గణింపవలెనని వ్యాఖ్యాతలు కాశ్యపమతమును ఉదాహరించినారు. ఋతువును మాసనామముతో కాక లక్షణముతో గుర్తింపవలెనని దీని భావము. నైరుతి వానలు వెళ్ళిన పిదప ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతపు తుపానులు వచ్చు ఈ తీరమున, వర్షర్తుచర్యకు సరియైన కొలత చాతుర్మాస్యమే. వినాయకచవితితో వానకాలపు జాగ్రత్తలు ముగిసినవని తలపరాదు. క్షీరాబ్ధి ద్వాదశి వరకు వానిని పాటింపవలెను.

ఆ జాగ్రత్తలలో మొదటిది నీరు. సముద్రమునకు చేరువనున్న మన గ్రామములలో బావినీరు తరచు ఉప్పన. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైన పిదప కాలువ నీటితో నిండు చెరువులే అనేక గ్రామములకు ఆధారములైనవి. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాతను ఆ చెరువులు నిలిచియున్నవి. కాలువ నీరు నదీజలమే కదా! వాగ్భటుడు చెప్పిన మూడింటిలో బావి ఉప్పనై, వాననీరు పట్టి నిలువచేయుట అందరికి సాధ్యముకానపుడు మనకు మిగిలినది కాచిన నీరే. బురదనీటిని తేర్చుటకు కతకమును, అనగా చిల్లగింజను, సుశ్రుతుడు చెప్పినాడు. కుండలో ఆ గింజను అరగదీసినచో మడ్డి అడుగున పేరును. కాని తేట వేరు, శుద్ధి వేరు. తేరిన నీటిని పొంగువరకు కాచి, మూతపెట్టి చల్లార్చి త్రాగవలెను. 1884లో రాబర్టు కాఖ్ పండితుడు కలకత్తాలో ఒక చెరువునీటిలోనే కలరా క్రిమిని చూచినాడు. మా పాఠశాలలో గురువులు వానకాలమంతయు కాచిన నీటినే త్రాగించెడివారు.

శ్రీకాకుళాంధ్రవిష్ణువు ఆనతిపై రచింపబడిన ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున, తడికట్టెలతో పొయ్యి రాజుకొనక ఇల్లాండ్రు పడు పాట్లను రాయలవారు వర్ణించినారు. ఆనాడు నీరు కాచుట అంత కష్టము. ఇంటింట గ్యాసు పొయ్యి ఉన్న ఈనాడు కాచకుండుటకు కారణము సోమరితనము తప్ప వేరేమున్నది?

రెండవది కాళ్ళు. ఒట్టి కాళ్ళతో నడువరాదన్న వాగ్భటుని మాట దివిసీమ రైతునకు ప్రాణరక్ష. 2018 వానకాలమున ఆ సీమలో పాముకాట్లు పెచ్చుమీరిన సంగతి మీకు తెలిసినదే. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరునికి మ్రొక్కుకొనుట మన భక్తి. కాటుపడినవానిని క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి చేర్చుట మన ధర్మము. మంత్రము పేరిట జాప్యము కూడదు.

మూడవది ఆహారము. శ్రావణమున శాకము, భాద్రపదమున పెరుగు, ఆశ్వయుజమున పాలు, కార్తికమున పప్పుధాన్యములు విడుచుట చాతుర్మాస్య వ్రతము. ఇవియన్నియు వైద్యముకొరకే ఏర్పడినవనుట సాహసము. పెరుగును చరకుడు శరత్, గ్రీష్మ, వసంతములలో నిందించినాడు. భాద్రపదము అందు చేరదు. వ్రతము భగవత్ప్రీతికి, పథ్యము దేహరక్షణకు. రెండును మితాహారమున కలిసికొనును. పాతబియ్యపు అన్నము, పెసరకట్టు, శొంఠి, మిరియాలు, జీలకర్ర వేసిన వేడిచారు ఈ కాలమునకు తగినవి. గాలివాన దినములలో పులుపు, ఉప్పు, నేయి హెచ్చుగా కొనుమని గ్రంథమున్నది. రక్తపోటు గలవారు దానిని యథాతథముగా ఆచరింపరాదు. వస్తికర్మ వంటివి వైద్యుని చేతనే జరుగవలెను.

చివరిగా ఒక మాట. చరకసంహిత విమానస్థానమున జనపదోధ్వంసమను అధ్యాయము కలదు. గాలి, నీరు, నేల, కాలము చెడినపుడు, ప్రకృతులు వేరైనను జనులందరు ఒకేమారు రోగగ్రస్తులగుదురని ఆత్రేయ పునర్వసువు అగ్నివేశునకు ఉపదేశించినాడు. మచిలీపట్నమున జన్మించిన వైద్యరత్న దీవి గోపాలాచార్యులవారు (1872–1920) ప్లేగు ప్రబలిన దినములలో కన్నడదేశమున రోగులకు చికిత్స చేసి కీర్తి గడించినారు. చెన్నపట్నమున ఆయుర్వేదము బోధించినారు. ఋతుచర్య ఆరోగ్యవంతుని కవచము. వచ్చిన రోగమునకు చికిత్స కాదు. జ్వరమో, అతిసారమో తగిలినచో వైద్యుని ఆశ్రయింపవలెను. నీరు నలుగురిది కనుక, మన ఇంటి నీరు కాచుకొనుటతోపాటు ఊరి చెరువుగట్టును శుభ్రముగా ఉంచుటయు చాతుర్మాస్య నియమమే యని మా మనవి.

శరీరము ధర్మసాధనము. దానిని ఈ నాలుగు నెలలు కాపాడుకొని, ఉత్థాన ఏకాదశినాడు మేల్కొను స్వామిని ఆరోగ్యవంతులమై దర్శించు భాగ్యము మనకందరకు కలుగుగాక!

స్వస్తి.