సర్తాన్ గవాహీ: ఒక చిన్న ముక్క తారీఖ్

మన ఖానదాన్లలో పెద్దలు క్యాన్సర్ పేరు ఎత్తరు. "వో బీమారీ" అని గొంతు తగ్గించి అంటారు. ఉర్దూలో దాని పేరు సర్తాన్. అంటే ఎండ్రకాయ. గ్రీకు హకీములు పెట్టిన పేరుకూ, లాటిన్‌లోని క్యాన్సర్ అనే మాటకూ అర్థం అదే. గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు వాళ్లకు ఎండ్రకాయ కాళ్లలా కనబడ్డాయి. ఇబ్నె సీనా కూడా తన 'అల్ ఖానూన్'లో సర్తాన్ గురించి రాశారు. అయితే ఆ జమానాలో తష్ఖీస్ అంతా కంటితో చూసి, వేలితో తడిమి చేసేదే. గడ్డ మామూలుదా, సర్తానా అన్న షక్ తీరే దారి లేదు.

ఖుర్తుబాలో అల్ జహ్రావీ అనే జర్రాహ్ ఉండేవారు. 1013 ప్రాంతంలో ఇంతెఖాల్ అయ్యారు. మెడ మీద లేచిన గడ్డలో సూది గుచ్చి, లోపల ఏముందో చూసి ఇలాజ్ తేల్చుకోవాలని ఆయన రాశారు. ఈనాటి సూది పరీక్షకు అది పాత చుట్టం. అయితే ఆయన దగ్గర ఖుర్దుబీన్ లేదు, అంటే మైక్రోస్కోపు లేదు.

ఉర్దూలో టిష్యూను నసీజ్ అంటారు, అంటే నేసినది. టిష్యూ అనే మాట పుట్టిన ఫ్రెంచిలోనూ అర్థం అదే. తెలుగులో కణజాలం అంటాం, జాలం అంటే వల. ఈ నేతలో పోగులు ఎక్కడ చెడ్డాయో చూడటమే మొత్తం ఇల్మ్. ప్రతి మర్జ్‌ను కణాల్లోనే వెతకాలని జర్మనీ డాక్టర్ రుడాల్ఫ్ విర్కో 1858లో కితాబు రాశారు. 1879లో ఫ్రాన్స్ డాక్టర్ ఎర్నెస్ట్ బెనియే ఈ పనికి బయాప్సీ అని పేరు పెట్టారు.

అదే విర్కో చేతిలో ఒక పెద్ద సబఖ్ దాగుంది. 1887లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్ గొంతు బొంగురుపోయింది. గొంతులోంచి తీసిన ముక్కల్ని విర్కో చూశారు. వాటిలో సర్తాన్ కనబడలేదు. ఆపరేషన్ ఆగింది. 1888 మార్చిలో ఫ్రెడరిక్ బాద్‌షా అయ్యాడు, 99 రోజులకే చనిపోయాడు. గొంతులో ఉన్నది సర్తానే. గవాహ్ తాను చూసిందే చెబుతాడు, ముక్క కూడా అంతే. తీసిన చోటు సంగతే చెబుతుంది. అందుకే రిపోర్టు సాఫ్‌గా వచ్చినా పుండు మానకపోతే డాక్టర్లు మళ్లీ ముక్క తీస్తామంటారు. అది డబ్బుల కోసం కాదు.

తీసిన ముక్కను ముందు ఫార్మలిన్‌లో వేస్తారు, కుళ్లకుండా. తర్వాత ఆల్కహాల్‌తో అందులోని నీరంతా లాగేస్తారు. మొలాసిస్ నుంచి ఆల్కహాల్ ఎట్లా తీస్తారో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిన బోధన్ శక్కర్‌నగర్ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ముక్కను మైనంలో పోసి, వెంట్రుక కంటే ఎంతో పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి గాజు మీద చూస్తారు. దీనికంతా రోజులు పడుతుంది. ఆ సబర్ తప్పదు.

ముక్క "ఉంది, లేదు" అని చెప్పి ఊరుకోదు. 1920లో అమెరికా డాక్టర్ ఆల్బర్ట్ బ్రాడర్స్ పెదవి క్యాన్సర్లను కణాల రూపం చూసి నాలుగు గ్రేడ్లు చేశారు. కణం తన అసలు రూపానికి ఎంత దూరం పోతే మర్జ్ అంత తేజ్. గ్రేడ్ వేరు, స్టేజ్ వేరు. ఎంత దూరం పాకిందో చెప్పేది స్టేజ్. ఇలాజ్‌కు రెండూ కావాలి.

మన దగ్గరి తారీఖ్ చూస్తే, హైదరాబాద్‌లో 1955లో రేడియం ఇన్‌స్టిట్యూట్, క్యాన్సర్ దవాఖానా మొదలైంది. ఈరోజు అది మెహదీ నవాజ్ జంగ్ పేరుతో ఉంది. ఆయన హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రి, తర్వాత గుజరాత్ తొలి గవర్నర్. నిజామాబాద్ పేషెంట్లకు ఎన్నో ఏళ్లు ఆ రెడ్‌హిల్స్ దారే దిక్కు. 2013లో నిజామాబాద్‌లోనే సర్కారీ మెడికల్ కాలేజీ వచ్చింది.

అయినా నిజామాబాద్ మోహల్లాల్లో, బోధన్ గల్లీల్లో ఒక ఖౌఫ్ పోలేదు: "ముక్క కోస్తే పాకుతుంది." ఈ మాట ఎట్లా పుట్టిందో అర్థం చేసుకోవచ్చు. అప్పట్లో మనవాళ్లు ఆఖరి దశలో వెళ్లేవారు. ముక్క తీసిన కొన్నాళ్లకే మౌత్ వచ్చేది. నింద కత్తి మీద పడింది, గుమ్మం దగ్గర పోగొట్టుకున్న నెలల మీద పడలేదు. సూది దారిలో కణాలు పాకడం చాలా అరుదు. ఆ కొద్దిపాటి ఖతరా కూడా రాకుండా డాక్టర్లు దారి చూసుకునే గుచ్చుతారు.

బీడీలు చుట్టే మన అమ్మీలు, ఆపాలు దవాఖానాకు పోతే ఆ రోజు కూలీ పోతుంది. నోట్లో పుండును నొప్పి లేదని వదిలేస్తారు. జర్దా పాన్, గుట్కా, బీడీ అలవాటున్న ఇంట్లో రెండు మూడు వారాలకూ మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం కనిపిస్తే చూపించాల్సిందే. వక్క ఒక్కటే అయినా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది.

ఇంకొక్క మాట. రిపోర్టు కాగితంతో పాటు మైనం బ్లాక్, గాజు స్లయిడ్లు కూడా మీ అమానత్ లాంటివే. పెద్ద దవాఖానాకు వెళ్లేటప్పుడు ల్యాబ్‌ను అడిగి తీసుకెళ్లండి. అక్కడి డాక్టర్ అదే ముక్కను మళ్లీ చూడగలడు. చాలాసార్లు రెండోసారి కోత అవసరం పడదు.