ఊరు మారితే లైసెన్సు తుపాకీని ఏం చేయాలి?

చోడవరం నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో మకాం మార్చేవాళ్లకు రేషన్ కార్డు, పిల్లల టీసీ గుర్తుంటాయి. ఇంట్లో తుపాకీ ఉంటే దాని సంగతి మాత్రం సామాన్లు కట్టేశాక గుర్తొస్తుంది.

మన దేశంలో రాష్ట్రానికో తుపాకీ చట్టం లేదు. 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనలే అన్నిచోట్లా. తేడా అధికారుల దగ్గరే వస్తుంది. పంట కాపలాకని తీసుకున్న తుపాకీకి సిటీ అపార్ట్‌మెంట్‌లో ఏం కారణం చెప్తారు?

లైసెన్సు జిల్లా వరకేనా, రాష్ట్రం వరకా, దేశమంతా చెల్లుతుందా అన్నది ముందు చూసుకోవాలి. పరిధి చాలకపోతే బయల్దేరకముందే దరఖాస్తు పెట్టాలి. ఆరు నెలలకు మించి ఉండేందుకు తుపాకీతో వెళ్తే, 30 రోజుల్లోపు కొత్త చోటి అధికారికీ, లైసెన్సు ఇచ్చిన అధికారికీ తెలపాలి. హైదరాబాద్ వంటి నగరాల్లో పోలీస్ కమిషనర్, జిల్లాల్లో కలెక్టర్. చోడవరం 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. విశాఖ ముద్రతో పాత లైసెన్సు ఉన్నవాళ్లు ముందు అనకాపల్లి కలెక్టరేట్‌లో అడగడం మంచిది.

అసలు చిక్కు అబ్బాజాన్ తుపాకీతో. లైసెన్సు మనిషికే గానీ ఇంటికి కాదు. ఆయన పోయాక అది బీరువాలో ఉండకూడదు. వెంటనే పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. కావాలంటే వారసుడు తన పేరున దరఖాస్తు చేసుకోవచ్చు. జ్ఞాపకంగా దాచుకున్నామంటే కోర్టు వినదు. లైసెన్సు లేని తుపాకీకి 2019 సవరణ తర్వాత రెండు నుంచి ఐదేళ్ల జైలు, జరిమానా. ఒకరికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించిందీ ఆ సవరణే.