వేమన మాటల్లో వంటింటి కొలతలు

మన ఇళ్ళల్లో పిల్లలకు మొదటగా నేర్పే పద్యాలలో వేమనవి తప్పకుండా ఉంటాయి. అర్థం సులువని మనం అనుకుంటాము. కాని మనుమడు “తాతయ్యా, కడివెడు అంటే ఎంత?” అని అడిగితే కొంచెం ఆగి చెప్పవలసి వస్తుంది.

గంగిగోవు పాల పద్యమే చూడండి. గంగిగోవు అంటే సాధువైన ఆవు. ఖరము సంస్కృత పదం, గాడిద. గరిటెడు, కడివెడు అచ్చ తెలుగు కొలతలు. పాత్ర పేరుకు ‘ఎడు’ చేరితే దాని నిండా పట్టేటంత అని అర్థం. చారెడు, పిడికెడు, దోసెడు ఇలా వచ్చినవే. జానెడు, మూరెడు, బారెడు పొడవుకు కొలతలు. అన్నిటికీ మనిషి చెయ్యే కొలబద్ద.

అందరికీ తెలిసిన గాడిదను వదిలి ఖరము అనడం ఎందుకు? వేమన పద్యాలలో ఎక్కువ భాగం ఆటవెలదులు. ఆటవెలదికి యతి కుదరాలి. గంగిగోవుకు గరిటెడు, ఖరానికి కడివెడు యతిలో జత కుదిరాయి. వీటిలో ఏ ఒక్క మాట మార్చినా పద్యం కుంటుపడుతుంది.

కర్పూరాన్ని కప్పురమనీ, కాంస్యాన్ని కంచు అనీ వాడడం మరొక విశేషం. ఇవి తద్భవాలు, అంటే సంస్కృతం నుంచి వచ్చి తెలుగువారి నోట అరిగి నునుపుదేలిన మాటలు.

కంపెనీ ప్రభుత్వంలో ఉద్యోగి అయిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో 1829లో మద్రాసులో అచ్చు వేయించాడు. 1852 నాటి తన తెలుగు నిఘంటువులో కావ్యాల మాటలతో పాటు జనం వాడే మాటలకూ చోటిచ్చాడు. అందువల్ల ఎన్నో వాడుక మాటలకు నేటికీ అర్థం దొరుకుతున్నది.

1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. కిలోలు, లీటర్లు రావడంతో లెక్క సులువయింది, మోసం తగ్గింది. కాని సోల, తవ్వ, మానిక, కుంచం అటక ఎక్కాయి. వాటితోపాటు పలుకుబడులూ మరుగున పడుతున్నాయి. కడవ చూడని పిల్లవాడికి కడివెడు ఎలా తెలుస్తుంది?

చట్టం కొలతలను మార్చగలదు గాని పద్యాన్ని మార్చలేదు. అందుచేత పద్యం చెప్పేటప్పుడు గరిటె చేతికిచ్చి, బిందె చూపించి, కడవ ఇంతకన్నా పెద్దదని చెబుదాము. ఈ పని చేయగల తరం మనదే.