మౌనం అర్ధాంగీకారమా? పరిశోధనలో సమ్మతికి ఒక చరిత్ర

మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్ళు. పెళ్ళిచూపుల నాడు తలవంచుకొని కూర్చున్న పిల్ల పెదవి విప్పకపోతే, ఇష్టమేనని పెద్దలు తీర్మానించుకునేది ఈ మాట అండతోనే. మిగిలిన సగం అంగీకారం ఎవరు పూరించారని ఎవరూ అడగరు. సంసారంలో ఈ సామెత ఎంతవరకు చెల్లుతుందో చెప్పడం మా పని కాదు. పరిశోధనలో మాత్రం ఇది చెల్లదు. చెల్లదని ఒప్పుకోవడానికి శాస్త్రలోకానికి చాలాకాలం పట్టింది. ఈలోగా నష్టపోయినవాళ్ళు అధికంగా నోరులేనివాళ్ళే. ఆ చరిత్రను స్థూలంగా పరిశీలించి, అది భాషాసాహిత్య విద్యార్థులమైన మనకు ఎలా వర్తిస్తుందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశోధనా నీతి అనగానే మన విద్యార్థులకు గ్రంథచౌర్యం గుర్తుకు వస్తుంది. అది సహజమే. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2018లో చేసిన నిబంధనల ప్రకారం సిద్ధాంతగ్రంథంలో పోలిక 10 శాతం దాటితే సవరించి తిరిగి సమర్పించాలి, 40 దాటితే ఏడాదిపాటు సమర్పించడానికి వీలులేదు, 60 దాటితే నమోదే రద్దవుతుంది. ఈ అంకెలు విద్యార్థులందరికీ కంఠస్థం. అయితే ఇది నీతిలో ఒక పార్శ్వం మాత్రమే. పుస్తకాల పట్ల మనం ఎలా ప్రవర్తించాలో అది చెబుతుంది. మనుషుల పట్ల ఎలా ప్రవర్తించాలన్నది రెండో పార్శ్వం. ఈ రెండోదాని చరిత్ర చాలా పాతది, చాలా బాధాకరమైనది.

ఈ చరిత్ర జర్మనీలో మొదలుపెట్టడం సమంజసం. బ్రెస్లావ్ నగరంలో ఆల్బర్ట్ నైసర్ అనే ప్రసిద్ధ చర్మవ్యాధి నిపుణుడు సవాయి రోగుల రక్తద్రవాన్ని, వేరే జబ్బులతో ఆసుపత్రిలో చేరిన స్త్రీలకు ఎక్కించాడు. వారిలో పలువురు వేశ్యలు. వారిని అడగలేదు, వారికి చెప్పలేదు. ఈ సంగతి 1898లో ప్రచురితమై పెద్ద దుమారం రేగింది. దాని ఫలితంగా 1900లో ప్రష్యా ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. చికిత్సకు సంబంధించని ప్రయోగాలు మైనర్లపై చేయరాదనీ, ఇతరులపై చేయాలంటే దుష్ఫలితాలను వివరించి స్పష్టమైన సమ్మతి తీసుకోవాలనీ దాని సారాంశం. 1931లో జర్మనీ ఆంతరంగిక వ్యవహారాల శాఖ ఇంకా వివరమైన మార్గదర్శకాలు వెలువరించింది.

ఇక్కడ విద్యార్థులు ఒక్క క్షణం ఆగాలి. ఆనాటి ప్రపంచంలో ఇంత వివరమైన నియమావళి అరుదు. అటువంటి నియమావళి ఉన్న దేశంలోనే, మరి పదేళ్ళు తిరిగేసరికి, నిర్బంధ శిబిరాలలో వైద్యులు ఖైదీలపై ఘోరమైన ప్రయోగాలు చేశారు. 1946 డిసెంబరు నుండి 1947 ఆగస్టు వరకు న్యూరెంబర్గ్‌లో జరిగిన విచారణలో 23 మంది నిందితులు నిలబడ్డారు, వారిలో అత్యధికులు వైద్యులు. తీర్పుతోపాటు వెలువడిన పది సూత్రాలనే న్యూరెంబర్గ్ నియమావళి అంటున్నాం. ప్రయోగానికి లోనయ్యే వ్యక్తి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అన్నది వాటిలో మొదటిది. కాగితం మీద నియమం ఉన్నంత మాత్రాన అది మనిషి చేతిని పట్టుకొని ఆపదన్నది జర్మనీ నేర్పిన పాఠం. నియమం అలవాటుగా మారాలి. అలవాటు శిక్షణవల్ల వస్తుంది.

ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తులు అమెరికావారు. అదే కాలంలో వారి దేశంలోనే ఏం జరుగుతున్నదో చూద్దాం. అలబామా రాష్ట్రంలో టస్కీగీ పట్టణం ఉన్న మేకన్ కౌంటీలో అమెరికా ప్రజారోగ్య శాఖ 1932లో ఒక అధ్యయనం ప్రారంభించింది. 600 మంది నల్లజాతి పురుషులు, అందులో 399 మందికి సవాయి వ్యాధి, 201 మందికి లేదు. చికిత్స చేయకపోతే జబ్బు ఎలా ముదురుతుందో చూడడమే లక్ష్యం. 1940ల చివరికి పెన్సిలిన్ ఈ వ్యాధికి తిరుగులేని మందుగా స్థిరపడినా వీరికి అది అందకుండా చూశారు. విషయం 1972లో పత్రికలకెక్కిన తరువాతగాని అధ్యయనం ఆగలేదు.

భాషాశాస్త్ర విద్యార్థులుగా మమ్మల్ని ఇందులో కలచివేసేది మాటల వాడుక. వారికి వ్యాధి పేరు చెప్పలేదు, 'చెడు రక్తం' అన్నారు. ఆ ప్రాంతపు వాడుకలో ఆ మాటకు రక్తహీనత మొదలు అలసట వరకు ఎన్నో అర్థాలు. వెన్నెముక నుండి నీరు తీసే పరీక్షను 'ఉచితంగా చేసే ప్రత్యేక చికిత్స' అని ఉత్తరాలు రాసి పిలిచారు. అబద్ధం ఆడడానికి ఎప్పుడూ తప్పుడు వాక్యమే అక్కరలేదు, అస్పష్టమైన మాట ఒక్కటి చాలు. ఈ ఉదంతం తరువాత అమెరికా 1974లో చట్టం చేసింది. 1979లో వెలువడిన బెల్మాంట్ నివేదిక వ్యక్తిపట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అనే మూడు సూత్రాలను ప్రతిపాదించింది. 1997లో అధ్యక్షుడు క్లింటన్ దేశం తరఫున క్షమాపణ చెప్పాడు.

మన దేశం కూడా వెనుకబడి లేదు. భారత వైద్య పరిశోధన మండలి 1980లోనే ఒక విధాన ప్రకటన చేసింది. 2000లో మార్గదర్శకాలు ప్రచురించి, 2006లో వాటిని సవరించింది. అంటే ఇప్పుడు మేము చెప్పబోయే ఉదంతం నాటికి నియమాలు చక్కగా అచ్చై ఉన్నాయి.

2009 జూలైలో ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, ఆ తరువాత గుజరాత్‌లోని వడోదర జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే టీకాతో ఒక ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు కలసి దీనిని నిర్వహించాయి. ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుండి 14 ఏళ్ళ వయసున్న సుమారు 14,000 మంది బాలికలకు టీకా వేశారు. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, వసతిగృహాల్లో చదువుకుంటున్న గిరిజన బాలికలు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలతో, మహిళా సంఘాల అభ్యంతరాలతో, కేంద్ర ప్రభుత్వం 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును నిలిపివేసింది.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చునని విచారణ సంఘం 2011లో తేల్చింది. ఈ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది, ఎన్నో దేశాల్లో దీనివల్ల మేలు జరుగుతున్నది. కనుక టీకా మంచిదా చెడ్డదా అన్నది మా ప్రశ్న కాదు. ఎవరు ఒప్పుకున్నారన్నది ప్రశ్న. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం సమర్పించిన 72వ నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన లెక్క ఉంది. 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వాటి మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం చేసింది వసతిగృహాల వార్డెన్లు.

వార్డెన్ పిల్లకు అన్నం పెట్టే మనిషి కావచ్చు, దయగల మనిషి కూడా కావచ్చు. చట్టం దృష్టిలో సంరక్షకుడు కాడు. పైగా అతను ప్రభుత్వోద్యోగి. ప్రాజెక్టు నిర్వాహకుల్లో ప్రభుత్వం కూడా ఉన్నప్పుడు, అడిగిన చెయ్యీ ఒప్పుకున్న చెయ్యీ ఒకటే అవుతాయి. వేలిముద్ర సంగతి కూడా ఆలోచించాలి. చదువురానివారి సమ్మతికి నిష్పాక్షికమైన సాక్షి ఉండాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎందుకంటే వేలిముద్ర కాగితాన్ని తాకినదని రుజువు చేస్తుందేగాని, కాగితంలోని అర్థం మనిషిని తాకినదని రుజువు చేయదు. ఆ ప్రాంతపు కోయవారి ఇంటి భాష గోండికి దగ్గరిది, తెలుగు కాదు. మనకు తెలుగు పత్రం మాతృభాషా పత్రం. కోయ తల్లికి అది మరొక కార్యాలయ భాష.

పేరు పెట్టడంలోనూ ఇక్కడ టస్కీగీ ఛాయ కనిపిస్తుంది. దీనిని ప్రయోగం అనలేదు, ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. ప్రయోగం కాదన్నప్పుడు ప్రయోగానికి కావలసిన రక్షణలు, దుష్ఫలితాల నమోదు వగైరా, సడలిపోయాయి. పార్లమెంటు సంఘం తీవ్రంగా విమర్శించిన అంశాల్లో ఇది ఒకటి. పేరు మారితే బాధ్యత మారదు. ఈ సూత్రాన్ని శాస్త్రవేత్తలకన్న ముందు భాషావేత్తలే చెప్పి ఉండవలసింది.

ఆ తరువాత విధానాలు కొంత బిగిశాయి. ఔషధ ప్రయోగాలలో సమ్మతి తీసుకునే తీరును దృశ్యశ్రవణ రూపంలో నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. వైద్య పరిశోధన మండలి 2017లో కొత్త మార్గదర్శకాలు ప్రకటించింది. ఏడేళ్ళు దాటిన పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితోపాటు పిల్లల ఇష్టాన్ని కూడా కనుక్కోవాలని అవి చెబుతున్నాయి. ఔషధ ప్రయోగాలకు 2019లో ప్రత్యేక నియమావళి వచ్చింది. అదే సంవత్సరం గ్రాంట్ల సంఘం, పిహెచ్.డి.లో చేరేవారందరికీ పరిశోధన, ప్రచురణ నీతిపై రెండు క్రెడిట్ల పాఠ్యక్రమాన్ని తప్పనిసరి చేసింది.

ఇదంతా వైద్యుల గొడవ, మనకేమిటి అని విద్యార్థులు అనుకోవచ్చు. అలా అనుకున్నవారిలో మేమూ ఉన్నాం. 1990ల తొలిరోజుల్లో తమిళనాడులోని నల్లరేగడి ప్రాంతంలో ఒక తెలుగు పల్లెకు మాండలిక సేకరణకు వెళ్ళాం. ఒక అవ్వ అరుగుమీద కూర్చుని, మరిది తమ పొలం ఎలా కాజేశాడో గంటసేపు చెప్పింది. క్రియారూపాలు అద్భుతంగా ఉన్నాయి. పొంగిపోయి ఆ కథనాన్ని పేర్లతో, ఊరితో సహా సిద్ధాంతగ్రంథం అనుబంధంలో ఇచ్చాం, ఇంగ్లీషు అనువాదం జతచేశాం. చాలా ఏళ్ళ తరువాత ఆమె మనుమడు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. అతనికి తెలుగు మాట వచ్చుగాని లిపి రాదు, అనువాదం చదివాడు. కోపం లేకుండానే అన్నాడు: 'అవ్వ మీకు చెప్పింది గానీ, పుస్తకానికి చెప్పలేదు కదా సారూ.' ఆ ఇంటికీ మరిది ఇంటికీ అప్పటికే రాజీ కుదిరి, సంబంధాలు కలిశాయి. మా అనుబంధం మాత్రం తగాదాను అలాగే నిలిపి ఉంచింది. మా దగ్గర సమాధానం లేకపోయింది. రికార్డరు చూసి ఆమె అభ్యంతరం చెప్పలేదు గనుక ఒప్పుకున్నట్టే అనుకున్నాం. మౌనం అర్ధాంగీకారం!

దీనికి భిన్నమైన ఒరవడి మన దగ్గరే ఉంది. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ గిడుగు రామమూర్తిగారు సవరలను ఇంట్లో ఉంచుకొని వారి భాష నేర్చారు. నేర్చుకున్నదాన్ని మొదట వారి పిల్లల బడులకు వినియోగించారు. సవర భాషా వివరణ గ్రంథం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఆనాడు సమ్మతి పత్రాలు లేవు. తీసుకున్నచోటికి తిరిగి ఇవ్వాలన్న స్పృహ ఉంది.

కన్నడ, తమిళ, మరాఠీ, ఒడియా సీమలలో తెలుగువారి మధ్య పనిచేయబోయే మన విద్యార్థులకు ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి చదవలేనివారు మనలో ఎందరో ఉన్నారు. వారి చేతిలో గ్రాంథిక వాసన కొట్టే తెలుగు పత్రం పెట్టి సంతకం అడిగితే, అది సమ్మతి కాదు, మొహమాటం. వారి నోటి తెలుగులో విషయం చెప్పాలి. చెప్పినదాన్ని వారి మాటల్లో తిరిగి చెప్పమనాలి. ఊరిపెద్దను, ఉపాధ్యాయుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని అడగకూడదు. వద్దనడానికి చోటివ్వాలి, ఒప్పుకున్నాక మనసు మార్చుకోవడానికి కూడా. పేర్లు అచ్చు వేసేముందు మళ్ళీ ఒకసారి వెళ్ళి అడగాలి. రెండు క్రెడిట్లలో ఇంతకుమించి నేర్పలేకపోయినా, ఇంత నేర్పితే చాలు.

ఆ అనుబంధంలోని పేర్లను మా దగ్గరున్న ప్రతిలో కొట్టివేశాం. గ్రంథాలయంలో ఉన్న ప్రతిలో అవి అలాగే ఉన్నాయి. అవ్వ ఇప్పుడు లేదు, అడుగుదామన్నా.